నిలబడి నమాజు చేయగల గుడారం

ఖైమా అన్న మాట మన ఇళ్లలోని పిల్లలకు పాఠాల ద్వారానే పరిచయం. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) ఆగిన ఉమ్మె మాబద్ (రజి) గుడారం, హజ్జతుల్ విదా నాడు నమిరా వద్ద ఆయన కోసం వేసిన వెంట్రుకల నేత గుడారం, అబ్తహ్‌లో హజ్రత్ అబూ జుహైఫా (రజి) కళ్లారా చూసిన ఎర్రని తోలు గుడారం. వీటిని మేము ఏళ్ల తరబడి తరగతిలో చెబుతూ వచ్చాము. చివరి హదీసు చెప్పిన ప్రతి సంవత్సరం ఎవరో ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, తోలు గుడారంలో ఉక్కపోయదా?" అని అడుగుతాడు. మూడేళ్ల క్రితం వరకు ఆ ప్రశ్నకు మా వద్ద పుస్తకాల నుంచి తీసిన సమాధానమే ఉండేది. ఒక గుడారం కొని, వేసి, విప్పి, ఆరబెట్టిన తరువాత గాలి ఆడే గుడ్డకూ ఆడని గుడ్డకూ ఉన్న తేడా స్వయంగా తెలిసింది. ఇటీవల పరిచయస్థులు అనేకులు, శీతాకాలంలో కుటుంబంతో బయట బస చేయాలంటే ఎటువంటి గుడారం తీసుకోవాలని మమ్మల్ని అడుగుతున్నారు. మద్రసా ఉపాధ్యాయుడిని అడగవలసిన ప్రశ్న కాదనిపించవచ్చు. కాని అందులో నమాజు ఉంది, పర్దా ఉంది, తహారత్ ఉంది, వృథా ఖర్చు మాట ఉంది. కాబట్టి మాకు తెలిసినంత వరకు చెబుతాము.

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 80వ ఆయతులో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ రెండు రకాల ఇళ్లను ప్రస్తావించాడు. ఒకటి మనిషి స్థిరంగా విశ్రమించే ఇల్లు. రెండవది పశువుల చర్మాలతో చేసుకునే ఇల్లు. ప్రయాణ దినానా, బస దినానా అది తేలికగా ఉంటుందని అక్కడ చెప్పబడింది. స్థిరమైన ఇంటి గురించి మనం ఎంతో ఆలోచిస్తాము, అప్పులు చేసి మరీ కడతాము. రెండవ ఇంటిని అరబ్బుల వ్యవహారమని వదిలేశాము.

ఆ నష్టం ఎక్కువగా మన స్త్రీల వాటాకు వచ్చింది. కుటుంబాలు విహారానికి వెళ్లే తీరు గమనించండి. మగవారు గుట్ట ఎక్కుతారు, చెరువులో ఈదుతారు, చెట్టు కింద కాళ్లు చాపుకుని నిద్రపోతారు. ఆడవారు బండిలోనే కూర్చుని సామాన్లకు కాపలా కాస్తారు, లేదా రాళ్ల పొయ్యి ముందు వంగి బిర్యానీ వండుతారు. అడిగితే పర్దా కారణమంటారు. హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స)తో పరుగు పందెం వేశారని అబూ దావూద్‌లో ఉంది. ఆయన ముందుగా తన సహచరులను ముందుకు సాగిపొమ్మన్నారు, తరువాతే పందెం మొదలైంది. అంటే స్త్రీ ఆరుబయట హాయిగా ఉండటానికి కావలసిన ఏకాంతాన్ని ఏర్పరచడం పురుషుని బాధ్యతగా ఆయన స్వయంగా చేసి చూపారు. ఆ ఏకాంతాన్ని ఈనాడు మన ప్రాంతంలో ఏర్పరచగలిగిన సాధనాల్లో గుడారం ఒకటి.

మా ఇంట ఈ ఆలోచనకు బీజం గండికోటలో పడింది. ఎర్రమల కొండలను చీల్చుకుని పెన్నా ప్రవహించే ఆ లోయను చూడాలని మా అమ్మీ చిరకాలంగా కోరుకునేవారు. డెబ్బై దాటిన వయస్సు, అరిగిన మోకాళ్లు. అయినా ఫర్జ్ నమాజును కూర్చుని చేయడానికి ఆమె ఇప్పటికీ ఒప్పుకోరు. ఆ శీతాకాలం సెలవుల్లో అందరం వెళ్లాము. రాత్రి బసకు అక్కడ అద్దెకిచ్చే చిన్న నైలాన్ గుడారాలు మూడు తీసుకున్నాము. నలుగురు పడతారని చెప్పిన గుడారంలో ముగ్గురు పక్కకు తిరిగి పడుకోవలసి వచ్చింది. ఎత్తు నాలుగు అడుగులు. అమ్మీ చేతులూ మోకాళ్లూ నేలకానించి లోపలికి పాకవలసి వచ్చింది. మా చిన్నమ్మాయి వెనుక నుంచి ఆసరా ఇచ్చింది.

ఇషా వేళ అయింది. లోపల నిలబడే వీలు లేదు. నిలబడగలిగిన వారికి ఫర్జ్ నమాజులో ఖియామ్ తప్పనిసరి అన్న సంగతి మేము విద్యార్థులకు మొదటి సంవత్సరంలోనే నేర్పుతాము, అమ్మీ దానిని అంతకు ముందే తన తల్లి వద్ద నేర్చుకున్నారు. కప్పు తక్కువగా ఉందన్నది సాకు కాదు, బయటికి వస్తే ఆకాశమంత ఎత్తు ఉంది. కాని బయట అపరిచితులు, పాటల పెట్టెలు, అటూ ఇటూ తిరిగే టార్చిలైట్లు. చివరకు కారుకు అవతలి పక్కన ఇద్దరు ఆడపిల్లలు దుప్పటిని తెరలా ఎత్తి పట్టుకుంటే, దాని చాటున ఆమె నమాజు చేశారు. గాలికి దుప్పటి కొట్టుకుంటోంది, పిల్లల చేతులు నొప్పి పుట్టాయి. ఆమె సలాం తిప్పేవరకు మేము కొద్ది దూరంలో అటు తిరిగి నిలబడ్డాము. తెల్లవారుజామున గుడారం లోపలి కప్పు నుంచి బొట్లు రాలి పరుపులు తడిశాయి. మా మనవడు, "ఇది నాపాకీ నీరా నానా?" అని అడిగాడు. వాన కురవలేదు, అది మన ఊపిరిలోని తేమే, పాకీ నీరేనని చెప్పాము. గాలి చొరని గుడ్డలో ముగ్గురు రాత్రంతా శ్వాసిస్తే జరిగేది అదే.

తిరుగు ప్రయాణంలో అమ్మీ లోయ అందాన్ని మెచ్చుకున్నారు, బసను గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనమే మమ్మల్ని గుడారాల విచారణకు పురికొల్పింది.

ఖర్చు సంగతి ఇంట్లో మొదట లేవనెత్తింది మా శ్రీమతి. "ఏడాదికి రెండు రాత్రుల కోసం అంత సొమ్ము పెడితే ఇస్రాఫ్ అవదా? మీరే కదా ప్రసంగాల్లో చెబుతారు" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మద్రసా జీతం ఎంతటిదో ఈ పత్రిక పాఠకులకు వివరించనవసరం లేదు. ఆమే దారి కూడా చూపారు: తన ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలను కలుపుకుంటే మూడు ఇళ్లకు ఒక గుడారం చాలు. ముందు ఎవరు వాడాలి, చిరిగితే ఎవరు బాగు చేయించాలి, ఒక ఇల్లు వాటా వదులుకుంటే ఏమి చేయాలి అన్నవి కాగితంపై రాసి ముగ్గురమూ సంతకాలు చేశాము. బావమరుదుల మధ్య రాతకోతలేమిటని ఒకరు నవ్వారు. బంధువుల మధ్యే రాతకోతలు మరింత అవసరమని మా అనుభవం. మొత్తం 27,000 రూపాయలు అయింది, ఇంటికి 9,000 పడింది.

ఇక గుడ్డ. ఈ విషయంలో మాకు దారి చూపినవాడు మా పూర్వ విద్యార్థి ఒకడు. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల వారు ఎందరో కువైట్‌లో పని చేస్తున్నారు కదా, ఇతడూ వారిలో ఒకడు. అక్కడ నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య వరకు స్థానిక కుటుంబాలు ఎడారిలో శిబిరాలు వేసుకుంటాయి. స్త్రీలకు ఒక గుడారం, అతిథులకు ఒకటి, వంటకు ఒకటి, స్నానాదులకు మరొకటి. వాటిని నిలబెట్టడం, ఇసుక గాలికి ఊగిపోకుండా చూడటం అతని పని. ఫోనులో అతడు చెప్పిన మొదటి మాట: "హజ్రత్, తూకం చూసి కొనండి. రంగు చూసి కొనవద్దు."

కాన్వాస్ అంటే దట్టంగా నేసిన ముతక నూలు గుడ్డ. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు తూగుతుందన్న దానిని బట్టి దాని దిట్టతనం తెలుస్తుంది. కుటుంబ గుడారాలకు 280 నుంచి 400 గ్రాముల గుడ్డ వాడతారు. అంతకు తగ్గితే గాలికి పటపటలాడుతుంది, పెరిగితే మోయలేము. మేము 380 గ్రాములది తీసుకున్నాము. నూలు దారానికి ఒక గుణం ఉంది: తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బి, నేత సందులను తానే మూసుకుంటుంది. ఆరిన తరువాత మళ్లీ సందులు తెరుచుకుని గాలిని ఆడనిస్తుంది. అందుచేత లోపలి తేమ బయటికి పోతుంది, తెల్లవారుజామున కప్పు అంతగా కారదు. మేకవెంట్రుకలతో నేసే అరబ్బుల నల్లని గుడారంలోనూ ఇదే గుణం ఉందని మా విద్యార్థి చెప్పాడు. ఎండలో నేత వదులై గాలి ఆడుతుంది, వానలో వెంట్రుకలు ఉబ్బి బిగుసుకుంటాయి. ఆ సంచారజాతుల నేతను సదూ అంటారు. 2020లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆడవారి చేతి నేత అది. గుడారం పురుషుని ఆస్తిగా కనిపించినా, నేసింది ఆమె.

నైలాన్, పాలిస్టరు గుడ్డలు తేలిక, చవక, త్వరగా ఆరతాయి. భుజాన వేసుకుని కొండలెక్కే యువకులకు అవే సరి. వృద్ధులూ చంటిబిడ్డలూ ఉన్న కుటుంబానికి అవి పనికిరావన్నది మా నిశ్చితాభిప్రాయం. నూలూ పాలిస్టరూ కలిపి నేసినవి మధ్యస్థం: కాస్త తేలిక, బూజు కొంత తక్కువ పడుతుంది, కాని గాలి ఆడటంలో శుద్ధ నూలుకు తీసికట్టు. ఇకపోతే ధాన్యం రాశులపైనా లారీలపైనా కప్పే బరకాలతో గుడారం కుట్టించుకుందామనే వారున్నారు. మా బావమరిదీ అదే అన్నారు. ప్లాస్టిక్ పట్టా అసలు శ్వాసించదు. మైనం పూసిన లారీ బరకం ఎండకు వాసన కొడుతుంది. అందులో ఒక మధ్యాహ్నం కూర్చున్నవారు మళ్లీ ఆ మాట ఎత్తరు. టెంట్ హౌస్ వారి షామియానా, కనాతులు పెళ్లికి బాగుంటాయి. వాటికి నేల ఉండదు, అడుగున చేయి దూరేంత సందు ఉంటుంది, ఆ సందులో నుంచి తేలు కూడా దూరుతుంది.

ఆకారం గురించి మేము గుడ్డకంటే ఎక్కువ కాలం ఆలోచించాము. ఈనాడు ప్రసిద్ధమైనది గంట ఆకారపు గుడారం. నడుమ ఒకే గుంజ, చుట్టూ గుండ్రని గోడ. చూపులకు అందమైనది, వేయడం సులువు, గాలికి గట్టిగా నిలుస్తుంది. కాని గుండ్రని చోటును అడ్డుతెరతో రెండు గదులు చేయడం కష్టం. మా ఇంట అది తప్పదు. మా పెద్దల్లుడు మా శ్రీమతికి మహరమ్ అవుతాడు, మా చిన్నమ్మాయికి అవడు. ఒకే కప్పు కింద అందరం నిద్రపోవాలంటే మధ్యలో తెర ఉండాలి, ఇరువైపులా వేరు వేరు ద్వారాలు ఉండాలి. ఇది చాలా కుటుంబాలు గుడారం కొనేటప్పుడు ఆలోచించని సంగతి. కొన్న తరువాత అల్లుడు రాత్రంతా కారులో పడుకుంటాడు.

అందువల్ల మేము పాతకాలపు డేరా ఆకారాన్నే ఎంచుకున్నాము: పైన వెన్నుగాడి, ఇరువైపులా వాలు కప్పు, రెండు కొసలా ద్వారాలు. పొడవు వెడల్పులు పద్నాలుగు అడుగుల చొప్పున. వెన్ను వద్ద ఎత్తు ఎనిమిది అడుగులు, పక్క గోడలు నాలుగున్నర అడుగులు. కాగితంపై గీసి చూస్తే వెన్నుగాడి నుంచి ఇరువైపులా మూడేసి అడుగుల వరకు ఆరున్నర అడుగుల ఎత్తు దొరుకుతుందని తేలింది. మా ఇంట్లో ఎంతటి పొడవరికైనా అది చాలు.

ఇక్కడే ఖిబ్లా లెక్క కలిసి వచ్చింది. మన తెలుగు నేలకు ఖిబ్లా పడమర, కొద్దిగా ఉత్తరానికి వాలి ఉంటుంది. సఫ్ ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. వెన్నుగాడిని కూడా ఉత్తర దక్షిణాలుగా వేస్తే, సఫ్ సరిగ్గా ఎత్తైన చోట నిలబడుతుంది, సజ్దా పడమటి వాలు కప్పు కిందకు పడుతుంది. నుదురు నేలకు ఆనే చోట ఎత్తుతో పనేముంది? పడమటి గోడకు ద్వారం లేనందువల్ల నమాజు చేసేవారి ముందు నుంచి ఎవరూ నడవరు. తెరను వెన్నుగాడికి అడ్డంగా కట్టాము, కాబట్టి రెండు గదుల్లోనూ నిలబడే చోటు ఉంటుంది. స్త్రీల గది దక్షిణాన, పురుషుల గది ఉత్తరాన. శీతాకాలంలో మా వైపు ఈశాన్యపు గాలి వీస్తుంది, దాని చలి పురుషుల ద్వారానికి తగలడం ధర్మమే. మధ్య గుంజను సరిగ్గా నడుమ పాతించలేదు. స్త్రీల వైపు ఎనిమిది అడుగులు, మా వైపు ఆరు. కుట్టేవాడు ఇది కొలత తప్పనుకుని రెండుసార్లు ఫోను చేశాడు.

పరిమాణం విషయంలో అమ్మేవారు చెప్పే మనుషుల సంఖ్యను సగం చేసుకోండి, అంతే. వారి లెక్కలో మనుషులకు సంచులుండవు, బిడ్డలు కాళ్లు తన్నరు. విపత్తుల్లో నిలువనీడ కోల్పోయినవారికి సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణం ఒకటుంది: మనిషికి కనీసం మూడున్నర చదరపు మీటర్లు, అంటే సుమారు 38 చదరపు అడుగులు. మా గుడారంలో పిల్లలతో కలిపి తొమ్మిదిమందికి తలా ఇరవై రెండు అడుగులు కూడా పూర్తిగా రావు. రెండు రాత్రుల సరదాకు అది సరిపోతుంది. గజాలో లక్షలాది మంది అంతకంటే ఇరుకు గుడారాలలో చలికాలాలు గడిపారన్నది ఆ లెక్క వేస్తున్నప్పుడు జ్ఞప్తికి వచ్చింది. ఆ రోజు కొలతల కాగితం పక్కన పెట్టేశాము. మరునాడు మళ్లీ తీశాము.

నేల గోడలతో కలిపి కుట్టినదై ఉండాలి. మందమైన పీవీసీ పట్టా, అది నాలుగు అంగుళాలైనా గోడ మీదికి లేచి ఉండాలి. పాము, తేలు, జెర్రి, వాననీరు, అన్నిటికీ అదే కట్టడి. కిటికీలకు దోమతెర, దానిపైన గుడ్డ మూత. మూత లోపలి నుంచి కట్టుకునేలా ఉందో లేదో స్త్రీలే స్వయంగా చూడాలి. మేము చూసిన ఒక గుడారానికి కిటికీ మూతలు బయట నుంచి మాత్రమే కట్టే ఏర్పాటు ఉంది. మా శ్రీమతి ఒక్క చూపుతో దానిని తిరస్కరించారు.

మరొక విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. మన స్త్రీలు బయట బసకు జంకడానికి అసలు కారణం చాలాసార్లు మరుగు లేకపోవడమే. ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, సాయంత్రానికి తలనొప్పి. దైవప్రవక్త (స) కాలకృత్యాలకు ఎవరికీ కనిపించనంత దూరం వెళ్లేవారు. నీటి రేవులు, దారులు, జనం కూర్చునే నీడలు అపరిశుభ్రం చేయడాన్ని శాపానికి కారణంగా హెచ్చరించారు. బొరియల్లో మూత్ర విసర్జనను వారించారు. ఇవన్నీ బస చేసేవారికి నేరుగా వర్తించే ఆదేశాలు. పెద్ద గుడారంతో పాటు నాలుగడుగుల చదరపు చిన్న డేరా ఒకటి కుట్టించాము. లోపల మోకాలి లోతు గొయ్యి, పక్కన మట్టి కుప్ప, చిన్న పార, రెండు బిందెల నీళ్లు, బద్నా. వయసు పైబడినవారికి కమోడ్ కుర్చీ. నీటి వనరుకు దూరంగా, గాలివాలుకు దిగువన వేయాలి, వెళ్లేటప్పుడు గొయ్యి పూడ్చాలి. పెద్ద గుడారానికి పెట్టిన ఖర్చులో పదోవంతు కూడా కాలేదు. మా ఇంటి ఆడవారిని అడిగితే రెంటిలో దీనికే ఎక్కువ విలువ కడతారు.

కొత్త కాన్వాస్‌ను తెచ్చిన వెంటనే ప్రయాణానికి తీసుకుపోరాదు. ఇంటి మేడ మీదో మైదానంలోనో వేసి, బాగా తడిపి, పూర్తిగా ఆరనివ్వాలి. మళ్లీ తడపాలి. ఇలా రెండు మూడు మార్లు చేస్తే దారం ఉబ్బి కుట్టు రంధ్రాలు పూడుకుంటాయి. మొదటిసారి తడిపినప్పుడు కుట్ల వెంబడి నీరు కారితే మోసపోయామని కంగారు పడనక్కరలేదు. మూడవసారికి మాది చుక్క కూడా దిగలేదు. వాన కురుస్తున్నప్పుడు లోపలి నుంచి కప్పును వేలితో రాయకూడదు, రాసిన చోట నీరు లోపలికి దారి చేసుకుంటుంది. పిల్లలకు ఇది చెప్పి చూడండి, చెప్పిన క్షణమే వేలు పైకి లేస్తుంది. నూలు తాళ్లు తడిస్తే బిగుసుకుంటాయి, వాన సూచన ఉన్న రాత్రి వాటిని కాస్త వదులు చేసి పడుకోవాలి, లేకుంటే గూటాలు ఊడి వస్తాయి. మా ప్రాంతపు నల్లరేగడి నేలకు జానెడు గూటాలు చాలవు. మూరెడు ఇనుప గూటాలు చేయించాము.

నిప్పు సంగతి కఠినంగానే చెబుతాము. నూలు గుడ్డ మండుతుంది. 1997 ఏప్రిల్‌లో మినాలో వంట పొయ్యి నుంచి చెలరేగిన మంటలు గాలికి వ్యాపించి వేల గుడారాలు బూడిదయ్యాయి. మూడు వందలకు పైగా హాజీలు, వారిలో మన దేశస్థులు కూడా, ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాతే అక్కడ నిప్పంటుకోని టెఫ్లాన్ పూత గాజునార గుడారాలు వచ్చాయి. మన ఇళ్లకు అటువంటివి అందవు. కాబట్టి పొయ్యి గుడారానికి ఇరవై అడుగుల దూరంలో, గాలివాలుకు దిగువన ఉండాలి. చలి వేసినా కుంపటిని లోపలికి తేకూడదు. బొగ్గు నుంచి వెలువడే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు కాలిపోయినప్పుడు దైవప్రవక్త (స) నిప్పును మనకు శత్రువుగా పేర్కొని, పడుకునే ముందు దానిని ఆర్పమన్నారు. మా గుడారంలో బ్యాటరీ లాంతరు తప్ప మరే దీపమూ వెలగదు. దోమల బత్తి కూడా ద్వారం అవతలే.

ఎక్కడ వేయాలన్నది ఇక మిగిలింది. అటవీశాఖ అనుమతి లేకుండా నల్లమలలో గుడారం వేయడం నేరం, ప్రమాదం కూడా. మాకు బనగానపల్లె వైపు బంధువుల మామిడితోట ఉంది. ప్రయాణంలో రాత్రి బస చేసేటప్పుడు దారి నుంచి తొలగి దిగమని, రాత్రివేళ అది జంతువులూ విషపురుగులూ తిరిగే మార్గమని హదీసులో ఉంది. తోటలోని బండ్ల బాటను విడిచి, కాస్త మెరకగా, ఎండిన కొమ్మలు పైన లేని చోట వేశాము. మరొక ఉల్లేఖనం అబూ దావూద్‌లో ఉంది. సహాబాలు ఎక్కడైనా దిగితే లోయల్లోకి చెల్లాచెదురుగా వెళ్లిపోయేవారు. అది షైతాను పని అని దైవప్రవక్త (స) చెప్పిన తరువాత, ఒక్క వస్త్రం పరిస్తే అందరినీ కప్పేయవచ్చన్నంత దగ్గరగా బస చేయసాగారు. మేము ఆ హదీసును ఎన్నోసార్లు బోధించాము. మా ఇంటిల్లిపాదీ ఒకే గుడ్డ కింద పడుకున్న రాత్రి దాని అర్థం మరింత స్పష్టమైంది. ఫోనులో సంకేతాలు అందని చోటు కావడం కూడా దానికి కొంత తోడ్పడిందని ఒప్పుకోవాలి.

మొదటి బసకు గుడారం నిలబెట్టడానికి కువైట్ నుంచి సెలవుపై వచ్చిన ఆ విద్యార్థే వచ్చాడు. గుంజలతో కలిపి నలభై కిలోలు దాటే మూటను ఒక్కడే భుజానికెత్తుకున్నాడు. మాకు గంటన్నర పట్టే పనిని అరగంటలో పూర్తి చేశాడు. దిగిన చోట పఠించవలసిన, హజ్రత్ ఖౌలా బిన్తె హకీమ్ (రజి) ఉల్లేఖించిన దుఆను పిల్లలచేత వల్లింపజేశాడు. మగ్రిబ్‌కు అమ్మీ దక్షిణ ద్వారం గుండా తల వంచకుండా లోపలికి నడిచి వెళ్లారు. తెర అవతల నుంచి ఆమె తక్బీర్ వినిపించింది. సలాం తరువాత చాలాసేపు బయటికి రాలేదు. వెళ్లి చూస్తే కిటికీ మూత తానే లోపలి నుంచి విప్పి, దోమతెరలో నుంచి తోటను చూస్తూ తస్బీహ్ చేసుకుంటున్నారు. భోజనాలకు పిలిస్తే, "ఇక్కడికే పంపండి బేటా, ఇక్కడ గాలి బాగుంది" అన్నారు. గండికోట ప్రస్తావన అప్పుడు మొదటిసారి తెచ్చారు. ఆ రాత్రి దుప్పటి పట్టుకున్న పిల్లలిద్దరికీ తలా వంద రూపాయలు ఇచ్చారు.

భోజనాలయ్యాక ఆ విద్యార్థి గుడారం చుట్టూ తిరిగి ప్రతి తాడునూ పరీక్షించాడు. పదకొండు శీతాకాలాలుగా ఇటువంటివి వేస్తున్నాడట. "ఎన్ని వేసి ఉంటావు?" అని అడిగాము. లెక్క పెట్టలేదన్నాడు. కొంతసేపు ఆగి, తన భార్యాపిల్లలు గుడారాన్ని తాను పంపిన ఫోటోల్లోనే చూశారని చెప్పాడు. సెలవు ఇంకా పన్నెండు రోజులుంది, ఒక్క రాత్రికి ఈ గుడారం ఇప్పిస్తారా అని అడిగాడు. వాటాదారుల సమ్మతి కావాలని కాగితంలో మేమే రాసుకున్నాము. ఇద్దరు బావమరుదులకూ అక్కడి నుంచే ఫోను చేద్దామంటే సంకేతాలు లేవు. తోట గట్టు దాకా నడిచి వెళ్లి చేశాము. ఇద్దరూ సరేనన్నారు, ఒకరైతే చిన్న డేరా కూడా ఇవ్వండి, ఆడవారికి అవసరమని గుర్తు చేశారు.

ఒక్క రాత్రి అన్నవాడు మూడు రాత్రులు ఉంచుకున్నాడు. తెచ్చి ఇచ్చిన నాడు మూట విప్పి చూశాము. నేల పట్టా తుడిచి ఉంది, గూటాలు మట్టి లేకుండా కడిగి ఉన్నాయి, గుడ్డ ఎక్కడా చెమ్మగా లేదు. ఆరకముందే మడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుందని మేము చెప్పబోతే, "అది నాకు చెబుతారా హజ్రత్!" అని నవ్వాడు. అతని చిన్న కూతురు మాత్రం మూట మీద కూర్చుని ఎంతకూ దిగలేదు.